డీటీహెచ్ రిమోట్ మొరాయిస్తోందా? కొత్త సెల్లులు కొనే ముందు ఇవి చూడండి

మా ఇంట్లో రిమోట్‌కు రెండే వైద్యాలు ఉండేవి. ఒకటి, అరచేతిలో రెండు దెబ్బలు వేయడం. రెండోది, వెనక మూత తీసి సెల్లులను బొటనవేలితో గిరగిరా తిప్పడం. చిక్కేమిటంటే రెండూ పనిచేసేవి. సీరియల్ టైముకి ఛానెల్ మారితే చాలు కాబట్టి అసలు జబ్బేమిటో ఎవరూ చూడలేదు. అలా మూడు నెలలకోసారి కొత్త సెల్లులు కొంటూ, ‘ఈ రిమోట్ సెల్లులు తినేస్తోంది’ అని తిట్టుకుంటూ చాలా ఏళ్లు గడిపేశాం.

తర్వాత రిమోట్లు విప్పడం అలవాటయ్యాక అర్థమైంది. బాగున్న రిమోట్ సెల్లులను తినదు. తింటోందంటే ఎక్కడో లోపం ఉంది, ఆ లోపం చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే పోతుంది. ఏ కంపెనీ డిష్ అయినా రిమోట్ లోపల సరుకు ఇంచుమించు ఒకటే. అందుకే కింద చెప్పేవి దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి.

ముందు ఒక చిన్న లెక్క

రిమోట్ ముక్కు దగ్గర ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు ఉంటుంది. అది ఇచ్చే కాంతి 940 నానోమీటర్ల దగ్గరి ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి కనపడదు. బటన్ నొక్కితే ఆ బల్బు సెకనుకు 38,000 సార్లు మినుకుమంటూ, మధ్యమధ్యలో ఆగుతూ, ఆ బటన్ తాలూకు కోడ్‌ను సెటాప్ బాక్స్‌కు పంపుతుంది. కొన్ని రకాల్లో 36,000 సార్లు.

వెలిగిన క్షణంలో బల్బు వంద మిల్లీయాంప్‌ల దాకా కరెంటు లాగుతుంది. కానీ అది వెలిగే సమయం చాలా తక్కువ కాబట్టి, బటన్ నొక్కి ఉంచినంతసేపూ సగటు చూస్తే 10 మిల్లీయాంప్‌లకు అటూఇటూ. రోజుకు 200 సార్లు నొక్కుతారనుకోండి. నొక్కిన ప్రతిసారీ అర సెకను అనుకుంటే రోజంతా కలిపి 100 సెకన్లు. అంటే రోజుకు ఖర్చు 0.3 మిల్లీయాంప్-అవర్ (ఒక మిల్లీయాంప్ చొప్పున గంటసేపు లాగితే ఒక మిల్లీయాంప్-అవర్) కూడా లేదు. మామూలు చవక ఏఏఏ సెల్లులో సుమారు 400 మిల్లీయాంప్-అవర్లు ఉంటాయి, ఆల్కలైన్‌లో 1,000 దాకా. ఊరికే పడి ఉన్న రిమోట్ లాగేది ఒకటి రెండు మైక్రోయాంప్‌లే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

కాగితం మీద చవక సెల్లు నాలుగేళ్లు రావాలి. సెల్లు పూర్తిగా అయిపోకముందే వోల్టేజి పడిపోతుంది, వాడకపోయినా దాని సత్తువ కొంత పోతుంది. అందుకని సగమే లెక్కేసుకున్నా రెండేళ్లు. మీ ఇంట్లో రెండు నెలలకే మార్చాల్సి వస్తోందంటే కింద చెప్పే నాలుగైదు కారణాల్లో ఏదో ఒకటి ఉన్నట్టే.

మొదటి పని: ఫోన్ కెమెరాతో చూడండి

స్క్రూడ్రైవర్ వెతికే ముందు ఫోన్ తీయండి. కెమెరా ఆన్ చేసి, రిమోట్ ముక్కును కెమెరా వైపు తిప్పి, ఏదైనా బటన్ నొక్కి పట్టుకోండి. తెరమీద బల్బు ఊదా రంగులోనో తెల్లగానో మిణుకుమంటూ కనిపిస్తుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. చాలా ఫోన్ల వెనక కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది, ముందు కెమెరాలో అంతగా ఉండదు. గదిలో లైటు ఆర్పితే ఇంకా స్పష్టం. పనిచేసే ఏసీ రిమోట్‌తో ముందు ఒకసారి చూసుకుంటే మీ ఫోన్ ఈ పనికి వస్తుందో లేదో తేలిపోతుంది.

బల్బు బాగా వెలుగుతోందంటే రిమోట్‌లో సెల్లులు, బోర్డు, బల్బు బాగున్నట్టే. ఇక బాక్స్ వైపు చూడాలి, దాని గురించి చివర్లో చెబుతాను. మసకగా వెలిగితే సెల్లులో స్ప్రింగులో. కొన్ని బటన్లకు వెలిగి కొన్నిటికి వెలగకపోతే తప్పు కీప్యాడ్‌ది. దేనికీ వెలగకపోతే సెల్లులు, స్ప్రింగులు, బోర్డు ఆ వరుసలో చూడాలి. బటన్ ఏదీ నొక్కకుండానే వెలుగుతోందా? అయితే దొంగ దొరికినట్టే. లోపల ఏదో బటన్ అతుక్కుపోయింది. ఆ స్థితిలో కొన్ని రిమోట్లు కాసేపటికి వాటంతటవే ఊరుకుంటాయి. ఊరుకోనివి కొత్త సెల్లులను రెండు మూడు రోజుల్లో, మహా అయితే వారంలో పీల్చేస్తాయి. సోఫా దిండు సందులోకి జారి, బటన్ నొక్కుకుపోయి పడి ఉన్న రిమోట్‌దీ ఇదే కథ.

ఒక చిన్న మాట. వాయిస్ బటన్ ఉన్న కొత్త ఆండ్రాయిడ్ బాక్సుల రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో నడుస్తాయి. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, బల్బు వెలగలేదని కంగారు పడకండి.

సెల్లులు

కొత్త సెల్లు 1.5 వోల్టుల పైన చూపిస్తుంది. మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే మీటర్) ఉంటే సెల్లును బయట పెట్టి కొలవడం కన్నా, రిమోట్‌లోనే ఉంచి, బటన్ నొక్కి పట్టుకుని కొలవండి. అలసిపోయిన సెల్లు ఊరికే ఉన్నప్పుడు 1.4 చూపించి, నొక్కగానే 1.1 కిందికి జారిపోతుంది. బయట కొలిచినవాడు ‘సెల్లు బానే ఉంది’ అని రిమోట్‌ను అనుమానించేది ఇందుకే.

మీటర్ లేనివాళ్లకు ఒక చిట్కా, ఆల్కలైన్ సెల్లుకు మాత్రమే. గట్టి నేల మీద రెండంగుళాల ఎత్తు నుంచి నిలువుగా, చదునుగా ఉన్న మైనస్ వైపు కిందికి పెట్టి వదలండి. కొత్తది ‘టప్’మని దాదాపు ఎగరకుండా పడుతుంది, వాడేసినది బంతిలా ఎగురుతుంది. కానీ సగం ఖర్చయ్యేసరికే బాగా ఎగరడం మొదలవుతుంది. కాబట్టి ఎగిరిందని పారేయకండి, ఎగరనిది మాత్రం ఖాయంగా మంచిదే.

కొనేటప్పుడు ‘హెవీ డ్యూటీ’ అన్న మాట చూసి మోసపోవద్దు. దుకాణంలో ఆ పేరుతో దొరికేది జింక్-కార్బన్ సెల్లు, ఉన్నవాటిలో బలహీనమైనది అదే. అది చెడ్డదని కాదు, రిమోట్ అంత తక్కువ వాడకానికి అదీ సరిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే దాని ఒళ్లే జింక్ డబ్బా. రసాయనం పనిచేసేకొద్దీ ఆ డబ్బా పలచబడి, చివరికి చిల్లుపడి కారుతుంది. ఆల్కలైన్ ఎక్కువ కాలం వస్తుంది గానీ ‘ఏళ్లు వస్తుందిలే’ అని మరిచిపోతే అదీ కారుతుంది. నా మటుకు నేను ఆల్కలైన్ వేసి, ఏడాదికోసారి మూత తీసి చూస్తాను. ప్యాకెట్ మీద తేదీ చూడండి. కొట్టు ముందు ఎండలో వేలాడుతూ రెండేళ్లు మగ్గిన సెల్లు కొత్తదని అనలేం.

రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపితే కొత్తది పాతదాన్ని పూర్తిగా అయిపోయాక కూడా తోస్తూనే ఉంటుంది, ఆ పాతది కారిపోతుంది. రెండు రకాలు కలిపినా ఇదే గోల.

చార్జింగ్ సెల్లులు వాడొచ్చా? వాడొచ్చు. అవి ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి దూరం కొంచెం తగ్గవచ్చు. కానీ పిల్లల బొమ్మకార్లకు, కెమెరా ఫ్లాష్‌లకు ఉన్నంత లాభం ఇక్కడ ఉండదు. ఒకటి మాత్రం చేయకండి: చూడ్డానికి ఏఏఏ సైజులోనే ఉండే 3.7 వోల్టుల లిథియం సెల్లులు దొరుకుతాయి. రెండు వేస్తే 7 వోల్టులు దాటుతుంది, 3 వోల్టులకు చేసిన చిప్ ఆ దెబ్బకు మాడిపోతుంది.

తిప్పితే ఎందుకు పనిచేస్తుంది?

ఇప్పుడు మా ఇంటి వైద్యం సంగతికి వద్దాం. సెల్లును తిప్పితే దాని శక్తి పెరగదు. సెల్లు చివర, స్ప్రింగు మీద పేరుకున్న పలచటి మసి పొర గీసుకుపోయి మళ్లీ లోహం లోహాన్ని తాకుతుంది. దెబ్బ వేసినా అంతే, స్ప్రింగు ఒక వెంట్రుకవాసి కదులుతుంది. అంటే తిప్పితే పనిచేసే రిమోట్‌కు కావాల్సింది కొత్త సెల్లులు కాదు, స్ప్రింగులను శుభ్రం చేయడం. కొత్తవి వేసినప్పుడు బాగవడానికి కారణం కూడా చాలాసార్లు కొత్త సెల్లు కాదు, వేసేటప్పుడు జరిగిన ఆ రాపిడే. ఈ ఒక్క ముక్క తెలియక మంచి సెల్లులు ఎన్ని చెత్తబుట్టలోకి పోతున్నాయో.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఉప్పు తేమకు స్ప్రింగుల మీది నికెల్ పూత పోయి తుప్పు పడుతుంది.

సెల్లులు తీసి స్ప్రింగులను వెలుతురులో చూడండి. కాస్త నల్లబడి ఉంటే పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే సరి. స్ప్రింగు అణిగిపోయి ఉంటే ట్వీజర్‌తోనో హెయిర్‌పిన్‌తోనో మెల్లగా పైకి లాగండి. వెండి కాగితం ఉండ పెట్టి సర్దేయడం చాలామంది చేసేదే, ఆ రాత్రి మ్యాచ్ చూడ్డానికి పర్వాలేదు. కానీ అది జారి ప్లస్, మైనస్ రెంటినీ కలిపేస్తే సెల్లులు వేడెక్కుతాయి, మర్నాడు తీసేయండి.

తెల్లటి పొడి పేరుకుంటే అది ఆల్కలైన్ సెల్లు కారిన గుర్తు. లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొచ్చి గాలి తగిలి అలా గడ్డకడుతుంది. అది క్షారం, చర్మాన్ని, కంటిని మండిస్తుంది. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కోండి, నోటితో ఊదకండి. ముందు పొడి బ్రష్షుతో కాగితం మీదికి దులపండి. తర్వాత ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి, పిండి, తెల్లబడిన చోట అద్దండి. బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగేదాకా అద్ది, తడి బడ్‌తో ఆ పులుపు తుడిచి, బాగా ఆరనివ్వండి. నిమ్మరసం అలాగే వదిలేస్తే కొత్త తుప్పుకు అదే మొదలు. కారినది జింక్-కార్బన్ సెల్లు అయితే ఆ రసం ఆమ్లం, దానికి వంటసోడా కలిపిన నీళ్లు తీసుకోవాలి. నిమ్మకాయతో లాభం లేదు.

రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే చిన్న గరుకు కాగితం ముక్కతో గీకండి. గీకిన చోట పూత పోయినట్టే కాబట్టి మళ్లీ పడుతుంది. చివర్లో అగ్గిపుల్లతో చాలా పలచగా వ్యాసలైన్ రాస్తే తేమ అంత త్వరగా తగలదు.

కారిన సెల్లు గూట్లో ఇరుక్కుపోయి రాకపోతే కత్తితో గుచ్చవద్దు. సెల్లు కింద ఒక రిబ్బన్ దూర్చి పైకి లాగితే వస్తుంది.

బటన్లు గట్టిగా నొక్కితే గానీ పనిచేయకపోతే

ఓకే, వాల్యూమ్, ఛానెల్ ప్లస్. ముందు చచ్చేవి ఎప్పుడూ ఇవే. వాడకం అంతా వాటి మీదే కదా.

రిమోట్ లోపల బటన్లంటే విడివిడి బటన్లు కావు. ఒకే సిలికాన్ రబ్బరు షీటు. ప్రతి బటన్ అడుగున నల్లటి కార్బన్ చుక్క. దాని కింద బోర్డు మీద దువ్వెన పళ్లలా అల్లుకున్న రెండు గీతలు. నొక్కితే కార్బన్ చుక్క ఆ రెండు గీతలను కలుపుతుంది, చిప్ మేలుకుంటుంది. కాలం గడిచేకొద్దీ రబ్బరు నుంచి ఒక జిడ్డు ఊరి చుక్కకు, గీతలకు మధ్య పొరలా చేరుతుంది. మన వేళ్ల నూనె, టీ చుక్కలు, పకోడీల జిడ్డు పక్క సందుల్లోంచి దిగుతాయి. సంక్రాంతి సెలవుల తర్వాత అరిసెల నూనె మరకలతో నా దగ్గరికొచ్చిన రిమోట్లు కొన్ని ఉన్నాయి.

విప్పడం ఇలా. ముందు సెల్లులు తీయండి. గూట్లో స్క్రూ ఉందేమో చూడండి, స్టిక్కర్ కింద దాక్కునేవీ ఉంటాయి. చాలావాటికి స్క్రూలే ఉండవు, చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు. పాత ఏటీఎం కార్డును పై, కింది డొక్కుల మధ్య గీతలో దూర్చి, చివరి నుంచి మెల్లగా జరుపుతూ పోతే ‘టిక్ టిక్’మని వదులుతాయి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే అంచు విరుగుతుంది, ఇక ఆ రిమోట్‌కు రబ్బరు బ్యాండే గతి. విప్పేటప్పుడు ఒక ఫోటో తీసుకోండి.

రబ్బరు షీటును గోరువెచ్చని నీళ్లలో, అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడగండి. వేలితో మెత్తగా రుద్దితే చాలు, పీచు పెట్టవద్దు. కార్బన్ చుక్కలను గట్టిగా రుద్దితే అవే ఊడొస్తాయి. ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి. ఎండలో పెట్టే పని లేదు.

బోర్డుకు నీళ్లు తగలనివ్వకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేర్ కొట్లలో ఐపీఏ అంటే ఇస్తారు, ఇయర్‌బడ్‌కు అద్ది నల్ల గీతల మీద తుడవండి. చేతుల శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. పెట్రోలు, థిన్నర్ అసలే వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది.

మూసే ముందు ఒక పరీక్ష చేస్తే టెన్షన్ తీరుతుంది. బోర్డును గూట్లో పెట్టి సెల్లులు వేయండి. పనిచేయని బటన్ కింది రెండు గీతలను పక్కపిన్ను మొనతో తేలిగ్గా కలుపుతూ ఫోన్ కెమెరాలో బల్బు చూడండి. వెలిగితే బోర్డు బాగుంది, తప్పు కార్బన్ చుక్కది. వెలగకపోతే రబ్బరు షీటు ఎంత కడిగినా లాభం లేదు.

కార్బన్ చుక్క అరిగిపోయిందనుకోండి. మెత్తటి నల్ల డ్రాయింగ్ పెన్సిల్, 4బీ గానీ 6బీ గానీ, చుక్క మీద బాగా రుద్దండి. పిల్లల హెచ్‌బీ పెన్సిల్‌లో మట్టి పాలు ఎక్కువ, అంత పట్టదు. ఇది కొన్ని వారాలే వస్తుంది. కాస్త గట్టి పని కావాలంటే సిగరెట్ పెట్టె లోపలి వెండి కాగితం చిన్న చుక్కగా కత్తిరించి, మెరిసే వైపు బోర్డును చూసేలా అంటించాలి. ఫెవిక్విక్ లాంటి జిగురు సిలికాన్‌కు పట్టదు, రెండ్రోజుల్లో రాలి లోపల రెండు బటన్లను కలిపేస్తుంది. చేపల తొట్టెలకు వాడే సిలికాన్ సీలెంట్ అయితే పడుతుంది. ఇంత శ్రమ ఎందుకంటారా? రిమోట్ పాతదై, దానికి సరిపడేది బజారులో దొరక్కపోతే ఇదే దారి.

కింద పడ్డ రిమోట్

పడ్డ రోజు నుంచే మొండికేస్తోందంటే పాత రిమోట్లలో అనుమానించాల్సింది రెసొనేటర్‌ను. బోర్డు మీద చిన్న పెట్టెలా, 455 అని రాసి ఉంటుంది. సెకనుకు 4,55,000 సార్లు కంపించే పింగాణీ ముక్క అది. ఆ సంఖ్యను పన్నెండుతో భాగిస్తే మనకు కావాల్సిన 38,000 దాదాపుగా వస్తుంది. పింగాణీ కాబట్టి దెబ్బకు పగులుతుంది, లేదా కాళ్ల దగ్గర టంకం వదులుతుంది. కొత్త రిమోట్లు చాలావాటిలో ఇది కనిపించదు, గడియారం చిప్ లోపలే ఉంటుంది.

బల్బు కాళ్ల దగ్గర టంకం కూడా ఇలాగే చీలుతుంది. బల్బును వేలితో అటూఇటూ కదిపితే వెలిగి ఆరుతుంటే అదే. రెండిటికీ టంకం పెట్టడమే మందు. బల్బే మాడిపోతే 940 నానోమీటర్ల 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ అడగండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి కొద్ది రూపాయలకే దొరుకుతాయి.

ఇంట్లో పాత మీడియం వేవ్ రేడియో ఉందా? స్టేషన్ లేని చోట పెట్టి రిమోట్‌ను ఆనించి బటన్ నొక్కండి. గరగరమని శబ్దం వస్తే చిప్ పనిచేస్తోంది. శబ్దం వస్తూ కెమెరాలో వెలుగు లేదంటే బల్బు పోయినట్టు.

అన్నీ బాగున్నా సెల్లులు అయిపోతుంటే

ఇది మీటర్ ఉన్నవాళ్లకు. బటన్లు పనిచేస్తాయి, స్ప్రింగులు శుభ్రం, ఏదీ అతుక్కోలేదు. అయినా మూడు నెలలకే సెల్లులు ఖాళీ. లెక్క వేస్తే 400 మిల్లీయాంప్-అవర్లు మూడు నెలల్లో పోవాలంటే దాదాపు 180 మైక్రోయాంప్‌లు రాత్రింబగళ్లు కారాలి.

మందపాటి కాగితం ముక్కకు రెండు వైపులా విడివిడిగా వెండి కాగితం అంటించి, ఒక సెల్లుకు స్ప్రింగుకు మధ్య దూర్చండి. రెండు రేకులూ ఒకదానికొకటి తగలకూడదు. మీటర్‌ను ముందు మిల్లీయాంప్ మీద ఉంచి, ఒక్కో తీగను ఒక్కో రేకుకు తాకించండి. అంకె చిన్నదిగా ఉంటే మైక్రోయాంప్‌కు మార్చండి. ఏ బటనూ నొక్కకుండా 10 మైక్రోయాంప్‌ల లోపు ఉంటే రిమోట్ నిర్దోషి. వందలు చూపిస్తే బోర్డు మీద ఎక్కడో తేమ, కారిన సెల్లు రసం, లేదా ఎప్పుడో ఒలికిన టీ దారి చేసుకుని కరెంటు లాగుతోంది. బోర్డంతా, ముఖ్యంగా చిప్ కాళ్ల మధ్య, ఐపీఏతో బ్రష్ చేసి ఆరబెట్టి మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే సెల్లుల తీగల మధ్య ఉండే గుండ్రటి కెపాసిటర్ లీకవుతోందేమో చూడాలి. అదీ కాకపోతే చిప్ పోయినట్టే, వేరే రిమోట్ కొనడం మేలు.

తప్పు రిమోట్‌ది కానప్పుడు

ఒకసారి పక్కింటి పిన్నిగారు వచ్చి, ‘బాబూ, నిన్ననే కొత్త సెల్లులు వేశాను. సౌండ్ పెరుగుతోంది, ఛానెల్ మాత్రం మారట్లేదు’ అన్నారు. సౌండ్ పెరుగుతోంది అన్న మాటలోనే జవాబు ఉంది. రిమోట్ బాగుంది, అది టీవీతో మాట్లాడుతోంది, బాక్స్‌తో కాదు. డీటీహెచ్ రిమోట్లు కొన్నిటిలో టీవీ, సెటాప్ బాక్స్ అని రెండు మోడ్ బటన్లు ఉంటాయి. మనవడు టీవీ మోడ్ నొక్కి వెళ్లిపోయాడు. బాక్స్ మోడ్ నొక్కగానే అయిపోయింది.

టీవీ పవర్, వాల్యూమ్ నేర్చుకునే రకం రిమోట్లలో కొన్ని, సెల్లులు చాలాసేపు బయట ఉంటే నేర్చుకున్నది మరిచిపోతాయి. అప్పుడు మాన్యువల్‌లో చెప్పిన ప్రకారం టీవీ రిమోట్‌ను ఎదురెదురుగా పెట్టి మళ్లీ నేర్పాలి.

బాక్స్ వైపు చూడాల్సింది ఈ వరుసలో. బటన్ నొక్కినప్పుడు బాక్స్ ముందు లైటు మిణుకుమంటోందా? మిణుకుమని ఛానెల్ మారకపోతే బాక్స్ హ్యాంగ్ అయింది. ప్లగ్ దగ్గర స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేయండి. రిమోట్ పవర్ బటన్‌తో ఆపితే అది కునుకు తీస్తుందంతే. లైటు అసలు మిణుకుమనకపోతే బాక్స్ కళ్లకు ఏదో అడ్డం ఉంది. ముందు నల్ల అద్దం మీద దుమ్ము, షోకేసులో బొమ్మ, దేవుడి పటం, ఇన్‌స్టలేషన్ నాటి ప్లాస్టిక్ పొర. బాక్స్‌ను టీవీ వెనక దాచినవాళ్లు, అలాంటి బాక్స్‌కు ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) కేబుల్ ఉంటే దాని కన్ను ఊడి కింద పడిందేమో చూడండి.

సాయంత్రం ఎండ కిటికీలోంచి నేరుగా బాక్స్ మీద పడే ఇళ్లలో ఆ గంటసేపే రిమోట్ మొరాయిస్తుంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ చాలా ఉంటుంది, రిసీవర్ ఆ వెలుగులో రిమోట్‌ను సరిగా పట్టలేదు. కొన్ని సీఎఫ్ఎల్, ఎలక్ట్రానిక్ చోక్ ట్యూబ్‌లైట్లు కూడా రిమోట్‌కు దగ్గరి వేగంతోనే మినుకుమంటూ గందరగోళం చేస్తాయి. లైటు ఆర్పి నొక్కి చూడండి.

అన్నిటికన్నా సులువైన పరీక్ష అదే కంపెనీ, అదే రకం బాక్స్ ఉన్న పక్కింటి రిమోట్ తెచ్చి నొక్కడం. అది పనిచేస్తే తప్పు మీ రిమోట్‌ది. ఐఆర్ ఉన్న షావోమీ, పోకో ఫోన్లలో రిమోట్ యాప్ ఉంటుంది. అందులో మీ సెటాప్ బాక్స్ కంపెనీని ఎంచుకుంటే పరీక్షకూ, కొత్త రిమోట్ వచ్చేదాకా వాడకానికీ పనికొస్తుంది.

బ్లూటూత్ రిమోట్ల సంగతి

ఇవి రేడియో మీద నడుస్తాయి కాబట్టి ఐఆర్ రిమోట్ కన్నా కాస్త ఎక్కువ తింటాయి, మైక్ బటన్ వాడకం ఎక్కువైతే ఇంకొంచెం. వీటికి ఆల్కలైన్ సెల్లులే వేయండి. చార్జింగ్ సెల్లులు వేస్తే 1.2 వోల్టులు చూసి తొందరగా ‘బ్యాటరీ తక్కువ’ అని అరుస్తాయి. పనిచేయడం మానేస్తే సెల్లులు తీసి ఒక నిమిషం ఆగి వేసి, బాక్స్‌ను ప్లగ్ దగ్గర ఆపి వేసి, అప్పటికీ కుదరకపోతే సెట్టింగ్స్‌లో రిమోట్స్ అండ్ యాక్సెసరీస్‌లోకి వెళ్లి మళ్లీ జత చేయండి. జత చేయడానికి నొక్కాల్సిన బటన్లు కంపెనీకో రకం, రిమోట్ మాన్యువల్‌లో ఉంటాయి.

కొత్తది కొనాల్సి వస్తే

కంపెనీ పేరు చెప్పి ‘ఆ డిష్ రిమోట్ ఇవ్వండి’ అంటే సరిపోదు. ఒకే కంపెనీలో మామూలు, హెచ్‌డీ, రికార్డింగ్ బాక్సుల రిమోట్లు వేరు కావచ్చు. పాత రిమోట్ ముందు వైపు, బాక్స్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫోటోలు తీసుకెళ్లండి. బజారులో దొరికే నకిలీలు ఆకారంలో అచ్చు గుద్దినట్టే ఉంటాయి. ఎక్కువగా తేడా స్ప్రింగుల మందంలో, కార్బన్ చుక్కల్లో ఉంటుంది, కొన్న ఆర్నెల్లకు గానీ తెలియదు. దుకాణంలో ఫోన్ కెమెరాతో బల్బు వెలగడం చూసినా కోడ్ సరైనదని కాదు. మార్చుకునే మాట తీసుకుని కొనండి.

కవర్ వేసే అలవాటు మంచిదే. పలచటి పారదర్శక కవర్ ఇన్‌ఫ్రారెడ్‌ను పెద్దగా ఆపదు. పసుపెక్కి, గీతలు పడి, ముక్కు దగ్గర రెండు మడతలు పడ్డ కవర్ మాత్రం ఆపుతుంది. వేసవిలో ఊరెళ్లి నెలకు మించి ఉండేట్టయితే సెల్లులు తీసేయండి. రోహిణి కార్తె ఎండలకు మూసిన ఇంట్లో పాత సెల్లు కారడానికి అంతకన్నా అనుకూలమైన కాలం లేదు.

తీసేసిన సెల్లులు పెద్ద పెన్సిల్ సెల్లులైతే, కారి ఉండకపోతే, గోడ గడియారంలో వేసి చూడండి. దానికి కావాల్సింది చాలా తక్కువ, ఇంకొన్ని నెలలు నడుస్తుంది. పూర్తిగా అయిపోయినవి పొయ్యిలోనో, చెత్త తగలబెట్టే చోటో వేయవద్దు, పేలతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన సెల్లులను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది, ఈ-వేస్ట్ సేకరించే చోట ఇవ్వొచ్చు. ఇక పోయిన రిమోట్‌ను మాత్రం పారేయకండి. దాని వెనక మూత, స్ప్రింగులు, బల్బు ఒక పాత స్వీటు డబ్బాలో పడేసి ఉంచండి. ఇంట్లో మొదట పోయేది ఆ మూతే.